వెనక్కి వచ్చే దారి

ఫోన్లో మునిగిన మనిషిని కాసేపు పక్కనుంచి గమనించండి. ఒక వార్త తెరుస్తాడు, రెండు పేరాలు చదివి వెనక్కి వస్తాడు. బస్సు టికెట్ల యాప్‌లో ఒక సర్వీసు నొక్కి సీట్లు చూస్తాడు, కిటికీ పక్క సీటు లేదు, వెనక్కి వచ్చి ఇంకోటి నొక్కుతాడు. చుట్టాల పిల్లాడి ఫొటో పెద్దది చేసి చూసి వెనక్కి వస్తాడు. వేసిన దాదాపు ప్రతి అడుగుకూ ఒక వెనకడుగు ఉంది. ఇంతసేపూ ఏం చేశావని అడిగితే చూసినవన్నీ చెబుతాడు గానీ, వెనక్కి వచ్చిన మాట ఎత్తడు. అదొక పని అని అతనికే అనిపించదు.

నాకు మాత్రం ఈ మధ్య మనసంతా ఆ వెనకడుగు మీదికే పోతోంది. ముందుకెళ్ళడం గురించి మనిషి చాలా ఆలోచించాడు. ప్రగతి అన్నాడు, గమ్యం అన్నాడు, వెనక్కి తగ్గడాన్ని పిరికితనంతో కలిపేశాడు. అయినా చేతిలో పట్టే యంత్రం తయారుచేసే వేళకి, వెనక్కి వచ్చే మీట లేకుండా పని జరగదని అర్థమైంది. 2008లో వచ్చిన తొలి ఆండ్రాయిడ్ ఫోన్ హెచ్‌టీసీ డ్రీమ్‌కి తెర కింద ఉన్న కొద్దిపాటి మీటల్లో ఒకటి అచ్చంగా దీనికే కేటాయించారు. స్మార్ట్‌ఫోన్లు పుట్టకముందే, బల్ల మీది కంప్యూటర్ల కాలంలోనే, కాల్గరీ విశ్వవిద్యాలయంలో లిండా టాషర్, సాల్ గ్రీన్‌బర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు జనం ఇంటర్నెట్‌లో ఎలా తిరుగుతున్నారో నమోదు చేశారు. 1997లో వాళ్ళు ప్రచురించిన లెక్క ప్రకారం, మనుషులు తెరిచే పేజీల్లో సుమారు 58 శాతం అంతకుముందు చూసినవే. కొత్తదాన్ని వెతుక్కుంటూ పోతున్నామని అనుకునే మనం, సగానికి పైగా పాత చోటికే తిరిగొస్తున్నామన్నమాట. తెలుసుకోవడం అంటే ముందుకు సాగడమేనా? లేక వెళ్ళిరావడమా?

యాప్ మనల్ని వెనక్కి ఎలా తీసుకొస్తుందో కాస్త దగ్గరగా చూడాలి. కొత్త తెర తెరిచినప్పుడు పాతది చెరిగిపోదు. దాని మీద ఇది వచ్చి కూర్చుంటుంది, దీని మీద ఇంకోటి. పంక్తి భోజనాల దగ్గర పెట్టిన విస్తళ్ళ దొంతరలాగా, చివర పెట్టిందే ముందు చేతికొస్తుంది. ఈ పద్ధతి ఫోన్ల కోసం పుట్టింది కాదు. మ్యూనిక్‌లో ఫ్రీడ్రిష్ బావర్, క్లౌస్ సామెల్జన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1957లోనే దీనికి పేటెంటు దరఖాస్తు పెట్టారు. పెద్ద లెక్క మధ్యలో చిన్న లెక్క ఎదురైతే, పెద్దదాన్ని అలాగే కింద ఉంచి, చిన్నది ముగించి, మళ్ళీ ఆగిన చోటికి రావడం ఎలా అన్నది వాళ్ళ ముందున్న సమస్య. ఆలోచిస్తే అది బతుకులోనూ సమస్యే. బిడ్డ పుట్టిందని గ్రూప్స్ ప్రిపరేషన్ ఆపేసిన తల్లికి, ఆగిన చోటికి మళ్ళీ రావడం ఎలాగో ఎవరు చెబుతున్నారు?

ఈ దొంతరకు ఇంకో గుణం ఉంది. వెనక్కి రావాలంటే పైనున్న తెరను తీసి పారేయాల్సిందే. కంప్యూటర్ బ్రౌజర్‌లో ముందుకెళ్ళే బాణం కూడా ఉంటుంది. ఫోన్ యాప్‌లలో చాలావాటికి అదీ లేదు. ఆ బ్రౌజర్‌లోనైనా, వెనక్కి వచ్చి వేరే లింకు నొక్కామా, మొదట వెళ్ళిన దారి ఇక బాణాలకు అందదు. చివరికి దొంతరలో మిగిలేవి మనల్ని ఇప్పుడున్న చోటికి తెచ్చిన తెరలు మాత్రమే. వెళ్ళి, చూసి, వద్దనుకుని తిరిగొచ్చిన తెరలు అందులో కనపడవు. నేను ఏమేం వద్దనుకున్నానో చెప్పలేని జ్ఞాపకం నా జ్ఞాపకమేనా? ఒక మనిషి ఎలాంటివాడో తెలియడానికి అతను ఎంచుకున్నవి ఎంత పనికొస్తాయో, అంచుదాకా వెళ్ళి వదిలేసి వచ్చినవీ అంతే పనికొస్తాయి కదా.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ తెరలు మన దొంతరలోంచి పోయాయి గానీ, చాలా కంపెనీల లెక్కల్లోంచి పోలేదు. చూసి వదిలేసిన చెప్పుల జత నాలుగు రోజులపాటు ఎక్కడికెళ్తే అక్కడ ప్రకటనై వెంటపడడం అందరికీ తెలిసిందే. యాప్ మన కోసం గుర్తుపెట్టుకోదు, మన గురించి గుర్తుపెట్టుకుంటుంది. లోకమూ చాలావరకు ఇలాగే నడుస్తోంది. ఇంజినీరింగ్‌లో చేరి రెండేళ్ళకు అది తనకు పడదని తెలుసుకుని డిగ్రీకి మారిన కుర్రాడికి ఆ రెండేళ్ళూ ఏం నేర్పాయో ఎవరూ అడగరు. రెజ్యూమేలో ఖాళీని మాత్రం ప్రతి ఇంటర్వ్యూలోనూ వేలు పెట్టి చూపిస్తారు.

మా వీధిలో ఒక పెద్దావిడ ఉన్నారు. దూరాన ఉన్న కొడుకు ఫోన్ కొనిచ్చాడు. వీడియో కాల్ వస్తే ఎత్తడం తప్ప ఇంకేదీ ముట్టుకునేవారు కాదు. తెర మీద తెలియనిదేదైనా కనిపిస్తే చాలు, ఫోన్ని అరచేతిలో అలాగే పట్టుకుని, వేళ్ళు దానికి తగలకుండా, గేటు దాకా వచ్చి పిలిచేవారు. “ఏదో వచ్చింది నాయనా, నేనేం నొక్కలేదు, కాస్త పోగొట్టి ఇయ్యి.” ఆమెకు చదువు లేక కాదు. వారపత్రికలో సీరియల్ వదలకుండా చదివే మనిషి. ఏది నొక్కితే ఏమైపోతుందో, అయిపోయింది మళ్ళీ రాదేమోనన్నదే ఆమె భయం. బియ్యంలో ఎసరు ఎక్కువైతే ఏం చేయాలో ఆమెకు తెలుసు. ఇక్కడ మాత్రం ఏ తప్పుకు ఏ దిద్దుబాటో తెలియదు.

ఆమెకు మెసేజ్ పంపడం, ఫొటో తీయడం కంటే ముందు కింది మూలనున్న చిన్న త్రికోణం చూపించాను. “పిన్నిగారూ, మీ ఇష్టమొచ్చింది నొక్కండి, తర్వాత ఇది నొక్కండి.” ఆమె నొక్కారు. ఏదో తెరుచుకుంది. త్రికోణం నొక్కారు. మొదటి తెర వచ్చింది. ఇంకోటి తెరిచి మళ్ళీ వచ్చారు. ఆ సాయంత్రం ఆమె నేర్చుకున్నది అదొక్కటే. ఆ తర్వాత మిగతావన్నీ తనంతట తానే నేర్చుకున్నారు. అన్నమాచార్య కీర్తనలు వెతుక్కున్నారు, అక్షరాలు పెద్దవి చేసుకున్నారు, కొడుకు ఊళ్ళో వాన పడుతోందో లేదో చూడడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు పాత ఫోన్ పోయి కొత్తది వచ్చింది. అందులో ఆ త్రికోణం లేదు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి మీటల బదులు, తెర అంచున వేలు పెట్టి లోపలికి జరిపితే వెనక్కి వచ్చే పద్ధతి వ్యాపించింది. ఐఫోన్‌లో ఎడమ అంచు నుంచి అలా జరపడం 2013 నుంచే ఉంది. అలవాటైన వాళ్ళకు అది సుఖమే. ఆమె మాత్రం మళ్ళీ ఫోన్ అరచేతిలో పెట్టుకుని గేటు దాకా వచ్చారు. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మూడు మీటల పద్ధతి మళ్ళీ పెట్టాక గానీ ఆమె ముఖం తేటపడలేదు.

మనిషికి ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? తెగింపు నుంచి వస్తుందని మన కథలు చెబుతాయి. జాన్ బౌల్బీ, మేరీ ఐన్స్‌వర్త్ లాంటి మనోవైజ్ఞానికులు పసిపిల్లల్ని గమనించి వేరే మాట చెప్పారు. తల్లి అక్కడే ఉంటుందన్న నమ్మకమున్న బిడ్డ కొత్త బొమ్మ దాకా పాకుతుంది, మధ్యలో ఒకసారి తిరిగి చూస్తుంది, మళ్ళీ పాకుతుంది. ఆ నమ్మకం లేని బిడ్డల్లో కొందరు తల్లిని అంటిపెట్టుకుని కదలరు. దూరం పోగలగడం, తిరిగి రాగలనన్న భరోసా మీద ఆధారపడింది. పిన్నిగారి విషయంలో నా కళ్ళ ముందు జరిగిందీ ఇదే.

అయితే వెనక్కి అంటే ఎక్కడికి? యాప్‌లు తయారుచేసే వాళ్ళు ఈ ప్రశ్నతో చాలా కుస్తీ పట్టారు. అక్క వాట్సాప్‌లో ఒక చీర లింకు పంపిందనుకోండి. నొక్కగానే బట్టల యాప్ తెరుచుకుని ఆ చీర కనిపించింది. ఇప్పుడు వెనక్కి వెళ్ళాలి. అక్క మెసేజ్ దగ్గరికా, ఆ యాప్‌లోని చీరల వరస దగ్గరికా? రెండూ న్యాయమే. మొదటిది మనం వచ్చిన చోటు, రెండోది ఆ తెర పుట్టిన చోటు. ఆండ్రాయిడ్ వీటిని విడదీసింది. కింది త్రికోణం వచ్చిన వరసలో వెనక్కి తీసుకెళ్తుంది. తెర పైన ఎడమ మూలనున్న బాణం ఆ తెర ఏ గూటికి చెందిందో అక్కడికి తీసుకెళ్తుంది, యాప్ దాటి బయటికి మాత్రం పంపదు. చూడడానికి రెండూ ఒకేలా ఉంటాయి, చాలాసార్లు ఒకే చోటికి చేరుస్తాయి కూడా. అవి వేరువేరన్న సంగతి, అవి రెండు చోట్లకు తీసుకెళ్ళినప్పుడే బయటపడుతుంది.

ఆ తేడా బతుకులోనూ ఒకసారి బయటపడింది. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. హైదరాబాద్ చుట్టుపక్కల కట్టడాల్లో పనిచేసే ఝార్ఖండ్, ఒడిశా, బిహార్, ఛత్తీస్‌గఢ్ కూలీలు మేడ్చల్ దాటి నాగపూర్ రోడ్డు మీద నడక పట్టారు. వలస కార్మికుల కోసం నడిపిన తొలి శ్రామిక్ రైలు ఆ ఏడాది మే 1న మన లింగంపల్లి స్టేషన్ నుంచే ఝార్ఖండ్‌లోని హటియాకి బయల్దేరింది. అందులో సుమారు 1,200 మంది. అలాంటి కూలీల బతుకు ఒక సైటు నుంచి ఇంకో సైటుకు, ఒక మేస్త్రీ నుంచి ఇంకో మేస్త్రీకి మారుతూ సాగుతుంది. వచ్చిన వరసలో వెనక్కి వెళ్తే ఏదో పాత సైటు షెడ్డు తగులుతుంది. ఆ వరసను ఎవరూ లెక్క చేయలేదు. అన్నిటినీ దాటేసి, పుట్టిన ఊరికి పోతామన్నారు. అక్కడ పని లేదని, అందుకే కదా వచ్చిందని వాళ్ళకు తెలియదా? తెలుసు. మరి ఆ ఊరు వాళ్ళకేమిస్తుంది? ఎందుకొచ్చావని అడగకుండా లోపలికి రానిచ్చే గడప అక్కడే ఉందని వాళ్ళ నమ్మకం. కొన్ని ఊళ్ళ పొలిమేరల్లో కంచెలు కట్టి వాళ్ళను ఆపిన మాట కూడా నిజమే. సొంతమనుకున్న చోటు కూడా ఒక్కోసారి మనల్ని గుర్తుపట్టదు. అప్పుడు ఏ బాణం నొక్కాలి?

వెనక్కి రావడానికి వీల్లేని తెరలూ ఉన్నాయి. యూపీఐలో పిన్ కొట్టాక తెర మీద చక్రం తిరుగుతూ, వెనక్కి నొక్కవద్దు, పేజీ మూయవద్దు అని రాసొస్తుంది. కూరగాయల బండి దగ్గర నిలబడి ఆ చక్రాన్ని చూసే నాలుగు క్షణాలూ మనిషి ఊపిరి బిగబడుతుంది. అక్కడ బాణం నొక్కినా తెర మారుతుందే తప్ప డబ్బు ఆగదు. కబురు అప్పటికే ఒక బ్యాంకు దాటి ఇంకో బ్యాంకు వైపు పోతోంది. చూసే తెర వేరు, చేసిన పని వేరు అన్న ఎరుక మనకు కలిగేది అక్కడే. ఇలా వెళ్ళి మధ్యలో చిక్కుకున్న డబ్బు గురించి రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబరులో ఒక ఉత్తర్వు ఇచ్చింది. మనిషి నుంచి మనిషికి పంపింది అవతలి ఖాతాలో పడకపోతే మర్నాటికల్లా, దుకాణానికి కట్టింది అయితే 5 రోజుల్లోగా, తిరిగి వచ్చేయాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకు పరిహారం కట్టాలి. ఖాతాదారు ఫిర్యాదు చేయకపోయినా కట్టాలి. ఈ నియమం చదివినప్పుడు నాకు సంతోషం వేసింది, తర్వాత బాధా వేసింది. డబ్బుకి తిరిగి వచ్చే హక్కు, దానికో గడువు, గడువు దాటితే జరిమానా, అన్నీ అచ్చులో ఉన్నాయి. మనిషికి ఇలాంటిది ఎక్కడైనా రాసి ఉందా?

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ వేళ ఏ ఇంటర్నెట్ సెంటర్‌కైనా వెళ్ళి చూడండి. కుర్చీలో పదిహేడేళ్ళ పిల్ల, వెనక నిలబడ్డ తండ్రి చేతిలో కాలేజీ కోడ్లు, బ్రాంచి కోడ్లు రాసుకున్న కాగితం. సీఎస్‌ఈ పైకి, ఈసీఈ కిందికి, మళ్ళీ మారుస్తారు. ర్యాంకును బట్టీ, ఆప్షన్లు పెట్టిన వరసను బట్టీ సీటు వస్తుంది. చివరికి సెంటర్ కుర్రాడు తలెత్తి అడుగుతాడు, “ఫ్రీజ్ కొట్టమంటారా అంకుల్? కొట్టాక మార్చడానికి ఉండదు.” తండ్రి కూతురి వైపు చూస్తాడు, కూతురు తెర వైపు చూస్తుంది. ఎక్కడో ఒకచోట ఆగకపోతే వేలమందికి సీట్లు కేటాయించలేరు, అది నేను కాదనను. కానీ ఆ జాబితాను స్తంభింపజేసినట్టే ఆ పిల్ల బతుకును కూడా మనం స్తంభింపజేస్తున్నాం. పదో తరగతి అయిన వేసవిలో ఎంపీసీ అన్న పిల్లకు పందొమ్మిదో ఏట చరిత్ర చదవాలనిపిస్తే, ఇంట్లో జరిగే రభస ఏ సర్వరూ పెట్టని షరతు. అది మనం పెట్టింది.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మన పెద్దలంటారు. వాట్సాప్ 2017లో ఆ మాటను సవాలు చేసింది. పంపిన మెసేజ్‌ని అవతలివాళ్ళ ఫోన్లోంచి కూడా తీసేసే వీలు కల్పించింది. మొదట 7 నిమిషాలు గడువిచ్చింది, 2022కి అది రెండు రోజుల 12 గంటలైంది. అయితే తీసేసిన చోట, ఇక్కడొక మెసేజ్ ఉండేదన్న గుర్తు మిగులుతుంది. అలా మిగలడం మంచిదేనని నాకనిపిస్తుంది. అన్నమాట అనలేదనడం వేరు, అన్నాను గానీ వెనక్కి తీసుకుంటున్నాననడం వేరు. రెండోదానికి సాక్షి కావాలి.

భారతంలో సౌప్తిక పర్వం చివర ఒక ఘట్టం ఉంది. తెలుగులో తిక్కన రాసిన భాగంలోది. నిద్రలో ఉన్న ఉపపాండవులను చంపిన అశ్వత్థామ, పాండవులు వెంటపడగా గడ్డిపోచను మంత్రించి మహాస్త్రం వదులుతాడు. దాన్ని ఆపడానికి అర్జునుడూ వదులుతాడు. లోకం కాలిపోతుందని వ్యాసుడు, నారదుడు మధ్యకొచ్చి నిలబడి, ఇద్దర్నీ వెనక్కి తీసుకోమంటారు. అర్జునుడు తీసుకుంటాడు. అశ్వత్థామకు చేతకాదు. వదలడం వచ్చు, మరల్చుకోవడం రాదు. ఎక్కడో ఒకచోట అది పడాలి గనక ఉత్తర కడుపులోని పిండం మీదికి మళ్ళిస్తాడు. ఇద్దరికీ ఒకే గురువు, ఒకే అస్త్రం. వీరుడికీ హంతకుడికీ తేడా ఎక్కడుందో వ్యాసుడు చూపించిన చోటు నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. గురి చూసి కొట్టడంలో కాదు, కొట్టింది వెనక్కి తీసుకోగలగడంలో. అందుకు ఎంతో నిగ్రహం, సత్యం కావాలని అక్కడే చెబుతాడు. వెనక్కి తగ్గడం పిరికితనమని మనం ఎప్పటినుంచి అనుకోవడం మొదలుపెట్టాం?

రాజకీయ చింతకురాలు హానా ఆరెంట్ 1958లో వెలువరించిన ‘ది హ్యూమన్ కండిషన్’ పుస్తకంలో ఈ చిక్కును మానవుల వైపు నుంచి పట్టుకుంది. చేసిన పనిని చేయనిదిగా మార్చే శక్తి మనిషికి లేదు. అందుకు లోకంలో ఉన్న మందు క్షమ ఒక్కటేనని, అది ఎవరికి వారు ఇచ్చుకునేది కాదని, ఎదుటి మనిషి ఇవ్వాల్సిందని ఆమె వాదన. 1933లో నాజీల జర్మనీ విడిచి పారిపోయి, 1951 దాకా ఏ కొత్త దేశపు పౌరసత్వమూ దొరకని మనిషి ఈ మాట అన్నదని తెలిశాక దాని బరువు మారుతుంది. ఆమె సమాధానం నాకు పూర్తిగా సరిపోలేదు. క్షమించమని అడగాల్సింది హాని చేసినవాడు. మరి హాని చేయకుండా, కేవలం తప్పు దారిలో కొంత దూరం పోయిన మనిషికి క్షమ ఎందుకు? అతను ఎవర్ని అడగాలి? అతనికి కావలసింది క్షమ కాదనుకుంటాను. వచ్చిన దారి మూసుకుపోకుండా ఉంటే చాలు.

కావాలని దారి మూసేవాళ్ళున్నారు. చందా కట్టడానికి ఒక్క నొక్కుడు, మానడానికి ఐదు తెరలు, అందులో రెండింటికి బాణమే ఉండదు. ఇలాంటి మాయలను అరికట్టడానికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో మార్గదర్శకాలు తెచ్చి, 13 రకాలను పేర్లతో సహా నిషేధించింది. మంచి పని. కానీ ఈ మాయ తెరల మీద పుట్టింది కాదు. జగిత్యాల, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కి పోయినవాళ్ళకు అది ఎప్పటినుంచో తెలుసు. పాస్‌పోర్టు కఫీల్ అనే యజమాని దగ్గర ఉండేది, చాలాచోట్ల ఇంటికి పోవాలంటే అతను ఎగ్జిట్ ఇవ్వాల్సి వచ్చేది. ఖతర్‌లో చాలామంది కార్మికులకు ఆ అనుమతి అక్కర్లేకుండా 2018లో చట్టం మార్చారు, ఇళ్ళలో పనిచేసేవాళ్ళకు 2020లో గానీ అది దక్కలేదు. తండ్రి పోయాడన్న కబురు విని, అనుమతి కోసం యజమాని గుమ్మంలో నిలబడ్డ మనిషికి వెనక్కి వచ్చే మీట ఇంకొకరి చేతిలో ఉండడమంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

తిరిగొచ్చే దారి తెరిచి ఉంచితే ఎవరూ దేనికీ కట్టుబడరని పెద్దవాళ్ళ అభ్యంతరం. తేలిగ్గా తీసేయాల్సిన మాట కాదది. ఏ తెర మీదా పది క్షణాలు నిలవని వేలిని చూస్తే ఆ భయం నాకూ కలుగుతుంది. సగం చదివిన పుస్తకాలు, సగం విన్న పాటలు, సగం తెలిసిన స్నేహితులు. నిలబడడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. కానీ బయటికి తలుపు లేని గదిలో ఉన్న మనిషిని నిలబడ్డాడనగలమా? వెళ్ళగలిగి ఉండీ వెళ్ళనప్పుడే కదా ఉండడానికి విలువ. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన ఆడమనిషిని ‘సర్దుకుపోయింది’ అని మెచ్చుకుంటాం. ఆమె ఉండాలనుకుని ఉందో, పోవడానికి చోటు లేక ఉందో మనలో ఎందరం అడిగాం?

చట్టం కొంత దారి వేసింది. 1955 హిందూ వివాహ చట్టం విడాకులకు వీలు కల్పించింది. ఇద్దరూ ఒప్పుకుని విడిపోయే మార్గాన్ని 1976 సవరణ చేర్చింది. దరఖాస్తు పెట్టాక ఆరు నెలలు ఆగి, మళ్ళీ కోర్టుకొచ్చి అవునంటేనే డిక్రీ. ఆ గడువును తగిన సందర్భాల్లో కోర్టు ఎత్తేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ కోర్టు దాకా వెళ్ళడానికి ముందు ఆ అమ్మాయి ఒక రాత్రి ఎక్కడో పడుకోవాలి. ఆ చోటు పుట్టిల్లు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్న సామెతను నవ్వుతూ వాడుతుంటాం. అందులో ఆమె కన్నీళ్ళకు అసలు కారణం ఉంది. దెబ్బ ఒకరికే తెలిసింది, తిరిగొస్తే ఊరందరికీ తెలుస్తుంది. నలుగురూ ఏమనుకుంటారోనని కన్నవాళ్ళు వెనక్కి పంపించిన పిల్లలు ఆ తర్వాత ఏమయ్యారో మన వార్తాపత్రికలు రాస్తూనే ఉన్నాయి.

అప్పగింతల వేళ పాలపళ్ళెంలో కూతురి చేతులు ముంచి అత్తమామల చేతుల్లో పెడతారు. మా పిల్లను మీ పిల్లలా చూసుకోండని ఏడుస్తారు. ఆ మాట అవతలివాళ్ళతో చెప్పేది. కూతురితో చెప్పాల్సిన మాట ఒకటి మిగిలిపోతోంది: ఎప్పుడైనా రామ్మా, ఎందుకొచ్చావని అడగం. అన్నంత మాత్రాన కూడా సరిపోదు. వెనక్కి రాగానే నింపిందంతా చెరిగిపోయి మళ్ళీ మొదటి గడి నుంచి రాసుకోమనే దరఖాస్తు ఫారం లాంటి రాక ఎవరికి కావాలి? ఆమె డిగ్రీ సర్టిఫికెట్లు ఇప్పుడు ఎవరి బీరువాలో ఉన్నాయి? జీతం పడే ఖాతా ఏటీఎం కార్డు ఎవరి దగ్గర ఉంది? పెళ్ళికి మానేసిన ఉద్యోగం మళ్ళీ దొరుకుతుందా? పుట్టింట్లో ఆమె గదిలో ఇప్పుడు ఎవరుంటున్నారు, ఆమె బట్టల బీరువాలో ఒక్క అరైనా ఖాళీగా ఉంచారా?